ఎర్ర పట్టీ బ్యాంకు వైపు

హార్లన్ క్రూగర్ జెండా సంచీ భుజాన వేసుకుని మా వరండా మెట్లెక్కేసరికి నేను రూబార్బ్ కాడలు తరుగుతున్నాను. జూన్ రెండో వారం. రాత్రి కురిసిన వానకి వాకిలంతా బురదగా ఉంది. అతను బూట్లు జాగ్రత్తగా తుడుచుకుని లోపలికొచ్చాడు.

“ఏమ్మా ఆర్డిస్, తలుపు బార్లా తీసి ఉంచావు. దొంగలొస్తే?”

“లిండాల్‌లో దొంగలెవరండీ. వచ్చినా ఈ పుల్లటి కాడలే కదా పట్టుకుపోతారు.”

పెద్దగా నవ్వాడు. అతను ఎప్పుడూ పెద్దగానే నవ్వుతాడు. మా ఊళ్లో మాజీ సైనికుల సంఘానికి పెద్ద అతనే. చర్చిలో కానుకల పళ్లెం పట్టేదీ అతనే, జూలై నాలుగున స్వాతంత్ర్య దినానికి మైకు పట్టేదీ అతనే. డెబ్బై నాలుగేళ్లు. మా ఆయన సెల్మర్, అతను ఒకే తరగతిలో చదువుకున్నారు.

“గాలికి అంచు పీలికలైపోయిందమ్మా. ఎప్పట్లాగే నువ్వే కాస్త కుట్టిపెట్టాలి,” అన్నాడు సంచీ కుర్చీలో దించుతూ.

“అలాగేనండీ.”

కాఫీ పోశాను. చల్లారబెట్టిన రూబార్బ్ బిళ్లలు రెండు పళ్లెంలో పెట్టాను. రెండూ తిని మూడోదానికి చెయ్యి చాపాడు.

“ఈసారి వీధికి అడ్డంగా కట్టే తీగకి కొత్త కప్పీ వేయించాను. ఒక్క లాగుడుకి జెండా విచ్చుకోవాలంతే. మనకి ఇంకా పట్టుంది చూడు,” అని రెండు చేతులూ నా ముందు చాపి చూపించాడు. తర్వాత మూతి తుడుచుకుంటూ, “సెల్మర్ ఉండుంటే ఇవి నాలుగు తినేవాడు. పాపం, మంచివాడు,” అన్నాడు.

నేను కాడలు తరుగుతూనే ఉన్నాను. ఆ మాట అన్నప్పుడు అతని మొహంలోకి చూశాను. ఏమీ లేదు. మచ్చుకైనా లేదు. ఈ మనిషికి ఏదీ గుర్తు లేదని అప్పుడు నాకు అర్థమైంది. రెండేళ్లుగా నేను పొద్దున లేచి మొదట తలుచుకునే సంగతి అతనికి గుర్తే లేదు. కోపం రావడానికి అంతకన్నా ఏం కావాలి?

ఆ సంగతి చెబుతాను.

మే నెలాఖరున అమరవీరుల దినం నాడు మా గ్రంథాలయం ముందున్న స్తంభం మీద జెండా పొద్దున్నుంచి సగం ఎత్తులో ఉంటుంది. సరిగ్గా పన్నెండింటికి దాన్ని చివరిదాకా ఎక్కించాలి. ముప్పై ఒక్క ఏళ్లు ఆ పని సెల్మర్ చేశాడు. రెండేళ్ల కిందట ఆ వసంతంలో ఆయన వేళ్లు వణకడం మొదలైంది. ఎవరికీ చెప్పలేదు, నాకు కూడా. ఒకరోజు పశువుల కొట్టంలోకి వెళితే దూలానికి తాడు కట్టుకుని లాగుతూ, దించుతూ కనిపించాడు. నన్ను చూసి, “కప్పీకి నూనె చాలట్లేదే,” అన్నాడు. అక్కడ కప్పీ లేదు.

అమరవీరుల దినం నాడు పన్నెండింటికి తాడు బిగుసుకుపోయింది. లాగాడు. మళ్లీ లాగాడు. ఒక్కసారిగా వేళ్లలోంచి జారి, జెండా జర్రున కిందికొచ్చి, ఒక మూల గడ్డిని తాకింది. మళ్లీ ఎక్కించడానికి తంటాలు పడుతుండగానే పన్నెండూ ఇరవై అయింది. మైకు హార్లన్ చేతిలో ఉంది. గడియారం చూసుకున్నాడు.

“ఒరేయ్ సెల్మర్, ఇరవై నిమిషాలయింది, ఆ తాడు వదిలెయ్‌రా. చేతులు వణికేవాడి పని కాదిది. పోయినవాళ్లు పైనుంచి చూస్తున్నార్రా.”

మూడొందల మంది ఉన్నారు. నలుగురైదుగురు నవ్వారు. సెల్మర్ తాడు హార్లన్ చేతికిచ్చి, టోపీ పెట్టుకుని ఇంటికి నడిచాడు. మా ట్రక్కు అక్కడే ఉంది. ఆయనకి ట్రక్కు సంగతే గుర్తు లేదు. నేను వెనకాలే మైలున్నర నడిచాను.

ఆ తర్వాత ఆయన ఊళ్లోకి వెళ్లలేదు. కానుకల పళ్లెం పట్టుకుని వచ్చేది హార్లనే కాబట్టి చర్చికీ రావడం మానేశాడు. ఆ జూలై నాలుగున నేను ఊరేగింపు చూసి ఇంటికొచ్చేసరికి వంటింట్లో కూర్చుని ఉన్నాడు.

“ఎర్ర పట్టీ బ్యాంకు వైపే కట్టాడా?” అని అడిగాడు.

“ఆ. అటే కట్టాడు.”

“సరే అయితే,” అని బంగాళాదుంపలు చెక్కడం మొదలుపెట్టాడు.

మరుసటి ఫిబ్రవరిలో పోయాడు. ఆయనా ఒకప్పటి సైనికుడే కనక, ఖననం రోజున సైనికుడికిచ్చే మర్యాద ప్రకారం హార్లన్ తెల్ల గ్లౌజులు వేసుకుని, ముక్కోణంగా మడిచిన జెండా నా చేతుల్లో పెట్టి, దేశం తరఫున కృతజ్ఞతలు అంటూ చెప్పాల్సిన మాటలు చెప్పాడు. గొంతు ఎక్కడా తడబడలేదు. నేను “థాంక్యూ” అన్నాను. అతను అన్నదానికన్నా నా నోట వచ్చిన ఆ ఒక్క మాటే నన్ను ఎక్కువ కాల్చింది.

ఇక ఎర్ర పట్టీ సంగతి. జూలై నాలుగున మా మెయిన్ వీధికి అడ్డంగా, ఉత్తరం వైపు బ్యాంకు మేడకీ దక్షిణం వైపు హార్డ్‌వేర్ కొట్టు మేడకీ మధ్య తీగ కట్టి, దాని మీంచి ఇరవై అడుగుల జెండా కిందికి వేలాడదీస్తారు. మాది తూర్పు పడమర వీధి. అలాంటి వీధిలో నక్షత్రాలున్న నీలం గడి ఉత్తరం వైపుకే ఉండాలి. అది నియమం. జెండాని ముందు రోజే చాపలా చుట్టి, సన్నటి దారంతో కట్టి, పైన కాన్వాసు పట్టీ రెండు కొసలు మాత్రం బయటికి ఉంచి తీగకి తగిలిస్తారు. జాతీయ గీతం మొదలవగానే కింది తాడు లాగితే దారం తెగి జెండా విచ్చుకుంటుంది. చుట్టి ఉన్నప్పుడు నీలం ఎటుందో కనపడదు కనక, అది కూడా తనే కట్టిన రోజుల్లో సెల్మర్ నా చేత నీలమున్న కొసకి ఎర్ర పట్టీ కుట్టించాడు. ఎర్ర పట్టీ బ్యాంకు వైపు. అంతే గుర్తు పెట్టుకోవాల్సింది.

హార్లన్‌కి కూడా అంతే తెలుసు.

ఆ జూన్ రోజు కాఫీ తాగి అతను వెళ్లాక వంటింటి బల్ల మీద జెండా పరిచాను. చిరిగిన అంచు కత్తిరించి, మడిచి, రెండు వరసలు కుట్టాను. తర్వాత బ్లేడుతో ఎర్ర పట్టీ కుట్లు ఒక్కొక్కటే తెంపాను. తెల్ల కాన్వాసు మీద సూది గుచ్చుకున్న చుక్కలు మిగిలాయి. వాటిని గోటితో రుద్దాను, పూర్తిగా పోలేదు. పట్టీని రెండో కొసకి కుట్టాను. మధ్యాహ్నం మూడు గంటలకి, పట్టపగలే చేశాను. దాపరికమేమీ లేదనుకున్నాను. అనుకుంటూనే లేచి కిటికీ తెర వేశాను.

చర్చిలో ప్రతి ఆదివారం ప్రభువు ప్రార్థన చెప్పేటప్పుడు, మాకు కీడు చేసినవాళ్లని క్షమించామని చెప్పే చోట నేను నోరు మూసుకునేదాన్ని. తతిమ్మా అంతా చెప్పేదాన్ని. అబద్ధం చెప్పడం కన్నా చెప్పకపోవడం మేలు కదా అని నా లెక్క. జూన్ చివరి ఆదివారం వాకిట్లో పాస్టర్ గారిని పట్టుకుని అడిగాను.

“పగ తీర్చడం తన పని అని దేవుడు అన్నాడు కదండీ. ఎప్పుడు తీరుస్తాడో ఎక్కడైనా చెప్పాడా?”

ఆయన చిన్నవాడు. నలభై కూడా లేవు. నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. “తేదీ అడుగుతున్నారా అమ్మా?”

“అడక్కూడదా?”

“అడగొచ్చు. చెప్తాడని మాత్రం నేను మాటివ్వలేను.”

“ఆలస్యమైతే మనం కాస్త సాయం చెయ్యొచ్చా?”

“ఎవరికమ్మా సాయం? దేవుడికా?” అన్నాడు. నేను గొడుగు విప్పుకుని వచ్చేశాను. ఆ ప్రశ్న మంచిదే. కానీ సెల్మర్ కొట్టంలో దూలానికి తాడు కట్టుకుని లాగడం ఆయన చూడలేదు.

జూలై నాలుగు పొద్దున ఎనిమిదింటికే ఎండ చురుక్కుమంది. మా ఆడపడుచు మావిస్ ముందు రోజు సాయంత్రమే వీధి అంచున మా రెండు మడత కుర్చీలు వేసి వచ్చింది. లిండాల్‌లో అలా వేసిన కుర్చీ ఎవరూ కదపరు. చోటు బ్యాంకుకి కాస్త తూర్పున. జెండా మా కళ్లకి ఎదురుగా వస్తుంది. చోటు నేనే చెప్పాను.

“ఇంత ముందుకెందుకు వదినా, ఫైరింజన్ కూత చెవుల్లో పడుతుంది,” అంది మావిస్ నిమ్మరసం పోస్తూ.

“నాకు సరిగా కనపడాలి.”

“ఏం కనపడాలి? ఏటేటా వచ్చే ట్రాక్టర్లే కదా. ఓలాఫ్ ముసలాడి ఆకుపచ్చ ట్రాక్టర్ మనిద్దరికన్నా ఎక్కువసార్లు ఈ వీధిలో నడిచింది.”

పైన జెండా చుట్టగా వేలాడుతోంది. ఎర్ర పట్టీ బ్యాంకు వైపు. నేను దాన్ని చూసి కళ్లు దించుకున్నాను. చంచాతో గ్లాసు కలుపుతూ కూర్చున్నాను.

జరగబోయేది నా మనసులో ఎన్నిసార్లు చూసుకున్నానో చెప్పలేను. జెండా విచ్చుకుంటుంది. ఎవరో “అయ్యో” అంటారు. ఒకరి తర్వాత ఒకరు వేలు పెట్టి చూపిస్తారు. బ్యాండు ఆగిపోతుంది. హార్లన్ తల పైకెత్తి చూస్తాడు. నలుగురైదుగురు నవ్వుతారు. అతను టోపీ పెట్టుకుని ఇంటికి నడిచి వెళతాడు. నాకు అంతకు మించి ఇసుమంతైనా అక్కర్లేదు. సరిగ్గా అంత మాత్రం కావాలి.

పదిన్నరకి హార్లన్ బ్యాంకు ముందు నిలిపిన ట్రైలర్ బల్ల ఎక్కి మైకు అందుకున్నాడు. బడి బ్యాండు గీతం ఎత్తుకుంది. అందరం లేచాం. టోపీలు తీసి, కుడిచేతులు గుండెల మీద పెట్టుకున్నాం. హార్లన్ తాడు లాగాడు. ఒక్క లాగుడే. దారం తెగింది. ఇరవై అడుగుల జెండా ఫట్‌మని విచ్చుకుని వీధంతా నీడ పరిచింది.

నీలం గడి దక్షిణం వైపు, హార్డ్‌వేర్ కొట్టు దిక్కున.

నేను చుట్టూ చూశాను. మొహాలన్నీ పైకే ఉన్నాయి. చప్పట్లు కొట్టారు. ఈల వేశారు. గీతం అయిపోయింది, కూర్చున్నారు.

“ఈసారి భలే విచ్చుకుంది వదినా. కొత్త కప్పీ అంట,” అంది మావిస్.

“సరిగా చూశావా?”

“చూశాను. అంచు ఎంత సన్నగా కుట్టావో! నీ కళ్లు ఇంకా బాగానే ఉన్నాయి.”

సైనికుల సంఘంవాళ్లు చిన్న జెండాలు పట్టుకుని ముందు నడిచారు. అందరం మళ్లీ లేచాం. పెద్ద జెండా కిందనుంచే వెళ్లారు. వాళ్లు ముందున్నవాడి వీపు చూస్తూ నడిచారు. ఫైరింజన్ వచ్చింది. పిల్లలు మిఠాయిల కోసం రోడ్డు మీద పడ్డారు. పంది మాంసం కాలుస్తున్న పొగ తేలి వచ్చింది. హార్లన్ నిలబడ్డ చోటునుంచి జెండా అంచు తప్ప ఏమీ కనపడదు. అతను ఒక్కొక్క బండి పేరూ చెబుతూ జోకులేస్తున్నాడు.

ఎవరూ చూడలేదు. తొమ్మిది వందల మంది ఊళ్లో ఒక్క మనిషి చూడలేదు.

మొదట నాకు నమ్మకం కలగలేదు. తర్వాత తెలిసొచ్చింది. దాన్ని చూడగల మనిషి ఒక్కడే. ఆయన్ని పోయిన ఏడాది ఫిబ్రవరిలో పాతిపెట్టాం. ఆయన ఉంటే ఈపాటికి నిచ్చెన ఎక్కేసేవాడు, వేళ్లు వణికినా సరే. నేను ఎవరి మీదో విసిరిన రాయి ఎవరికి తగిలిందో అప్పుడు చూసుకున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు ఆయన కాపాడినదాన్ని నా చేతులతో నేనే తిరగేశాను, హార్లన్ జోకులేసుకుంటూ నిలబడ్డాడు.

“ఇప్పుడు,” అన్నాడు హార్లన్ మైకులో, “ఈ జెండా ఏటేటా కుట్టిపెట్టే మన ఆర్డిస్ ట్వేటెన్‌కి ఒకసారి చప్పట్లు! అదిగో, అక్కడ కూర్చుంది. లే అమ్మా, అందరికీ కనపడు. మన సెల్మర్ ఉండుంటే ఈ రోజు ఎంత సంతోషించేవాడో!”

చప్పట్లు మోగాయి. మావిస్ మోచేత్తో పొడిచింది. “లే వదినా, చెయ్యి ఊపు.”

లేచాను. చెయ్యి ఊపలేదు. వీధిలోకి నడిచాను. ఓలాఫ్ ఆకుపచ్చ ట్రాక్టర్ నా మీదికి వస్తోంది. నేను జెండా కింద నడిమధ్య నిలబడేసరికి అతను బ్రేకు తొక్కి, “ఏయ్ ఆర్డిస్, చావాలనుందా!” అని అరిచాడు. వెనక బండ్లన్నీ ఆగాయి. చివరనున్న గుర్రాల సకిలింపు వినిపించింది.

“ఎండ దెబ్బ తగిలిందేమో, ఎవరైనా నీళ్లు తీసుకెళ్లండి,” అన్నారెవరో.

“హార్లన్ గారూ,” అన్నాను. “కిందికి దిగి రండి.”

“ఏమైందమ్మా?”

“వచ్చి ఇక్కడ నా పక్కన నిలబడండి. పైకి చూడండి.”

అతను మైకు పట్టుకునే దిగి వచ్చాడు. దాని తీగ పొడుగ్గా వెనకాల పాకుతూ వచ్చింది. నా పక్కన నిలబడి కళ్లమీద చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు.

“బాగుంది. ఏముంది?”

“నీలం ఎటుంది?”

“అటు, కొట్టు వైపు.” ఆ మాట మైకులోంచి ఊరంతా వినపడింది.

“ఎటుండాలి?”

జనంలోంచి ఎవరో, “అబ్బ, ఎటుంటే ఏంటి ఆర్డిస్! నలభై ఏళ్లుగా చూస్తున్నా, నాకైతే తెలీదు!” అన్నారు. అందరూ నవ్వారు. మంచి నవ్వే, ఎవర్నీ గుచ్చని నవ్వు. హార్లన్ కూడా నవ్వాడు.

“ఏదో పొరపాటు జరిగినట్టుందమ్మా. ఊరేగింపు అయ్యాక మార్చేద్దాంలే. పద, కుర్చీలో కూర్చో. ఎండగా ఉంది.”

అంత తేలిగ్గా. అతనికి ఇంత తేలిగ్గా దొరికింది. సెల్మర్‌కి దొరకని మన్నింపు ఇతనికి అడక్కుండానే, నవ్వులతో సహా దొరికింది. నాకు ఒళ్లు మండింది.

“ఇప్పుడే దించు,” అన్నాను. ఎప్పుడు ‘నువ్వు’లోకి దిగానో నాకే తెలియలేదు. “ఆ రోజు గడియారం చూసి మరీ మాట్లాడావే. ఇరవై నిమిషాలయిందని. ఇప్పుడు కూడా చూసుకో. ఇరవై నిమిషాలయింది.”

“ఏ రోజు?”

“గ్రంథాలయం ముందు. సెల్మర్ చేతిలోంచి తాడు జారిన రోజు. చేతులు వణికేవాడి పని కాదన్నావు. ఇదే మైకులో అన్నావు.”

అతని మొహం మెల్లగా మారింది. ఎక్కడో అడుగున పడ్డదాన్ని తవ్వి తీసుకుంటున్నట్టు. “ఏదో అప్పటికప్పుడు తొందరలో అని ఉంటాను… ఆర్డిస్, నేనేం కావాలని…”

“తర్వాత ఆయన ఈ వీధిలో అడుగు పెట్టలేదు. నీకు తెలుసా? చర్చికి రాలేదు. తెలుసా? ఎందుకు రావట్లేదని ఒక్కసారైనా అడిగావా?”

“ఒంట్లో బాలేదనుకున్నా.”

“అందరూ అదే అనుకున్నారు.”

నవ్వులు ఆగిపోయాయి. ట్రాక్టర్ ఇంజను ఒక్కటే దడదడమంటోంది. ఓలాఫ్ దాన్ని కూడా ఆపేశాడు.

హార్లన్ పైకి చూశాడు. “నేను సరిగ్గానే కట్టాను. ఎర్ర పట్టీ బ్యాంకు వైపు. ఏటా అలాగే కడతాను.”

“పట్టీ మార్చింది నేను.”

చెప్పేశాను. చెప్పకుండా ఉండొచ్చు. చెప్పకపోతే పొరపాటు అతనిదే అయ్యేది. కానీ ఈ ఊరు అతని పొరపాటుని మిఠాయిలా నోట్లో వేసుకుని మింగేస్తోంది. అతనికి నొప్పి కలగాలంటే నేను కూడా బురదలోకి దిగాల్సిందే. దిగాను.

“నేనే విప్పి, అటు కొసకి కుట్టాను. కావాలనే కుట్టాను. నువ్వు పైకి చూస్తావా లేదా అని కుట్టాను. సెల్మర్ అయితే చుట్ట విప్పకముందే చేత్తో తడిమి కనుక్కునేవాడు. పాత కుట్ల చుక్కలుంటాయి. ఎర్ర పట్టీ బ్యాంకు వైపు ఎందుకు కడతామో చెప్పు హార్లన్. మైకు నీ చేతిలోనే ఉంది. చెప్పు.”

అతను నా మొహంలోకి చూశాడు. తర్వాత బ్యాంకు వైపు, కొట్టు వైపు చూశాడు. పెదవులు కదిలాయి. వీధి మొత్తం ఎదురుచూసింది.

“నాకు తెలీదు,” అన్నాడు.

మైకు ఆ మాటని గ్రంథాలయం దాకా మోసుకుపోయింది.

“తూర్పు పడమర వీధిలో నీలం ఉత్తరానికుండాలి. పద, దించు.”

అతను మైకు ట్రైలర్ మీద పెట్టి, బ్యాంకు గోడ దగ్గరున్న తాడు ముడి దగ్గరికి వెళ్లాడు. కొత్త తాడు, గట్టి ముడి. వేళ్లు దూర్చాడు. ముడి కదల్లేదు. మళ్లీ ప్రయత్నించాడు. నేను రెండడుగుల దూరంలో నిలబడి చూశాను. అతని చేతులు వణుకుతున్నాయి. సిగ్గు వల్లో, వయసు వల్లో. నాకు చూపించి మురిసిపోయిన ఆ చేతులే.

రెండేళ్లుగా దాచుకున్న మాట నా నాలుక మీదికి వచ్చింది. మంచిదాన్నయితే మింగేసి ఉండాలి. మింగలేదు.

“వదిలెయ్ హార్లన్. చేతులు వణికేవాడి పని కాదిది.”

మైకు లేదు. బ్యాంకు ముందున్న పదిమందికే వినపడింది. ఎవరూ నవ్వలేదు. అతను తల తిప్పి నన్ను చూశాడు. నేను చూడాలనుకున్న మొహం అదే. అచ్చంగా అదే. గ్రంథాలయం ముందు సెల్మర్ మొహం ఇలాగే ఉంది. తీరా చూశాక నాకు ఆకలి తీరినట్టు అనిపించింది. నిజం చెబుతున్నాను. తీరినట్టే అనిపించింది. ఆ వెంటనే, భోజనం ఎక్కువైనప్పుడు అనిపించినట్టు, కడుపులో బరువుగా కూడా అనిపించింది.

అతను తాడు వదల్లేదు. సెల్మర్ వదిలినట్టు వదల్లేదు. తల వంచుకుని పళ్లతో ముడి పట్టి లాగి విప్పాడు. జెండా మెల్లగా దిగుతుంటే నేను దాని కిందికి పరిగెత్తి చేతులు చాపాను. మావిస్ కుర్చీ తన్నేసుకుంటూ వచ్చి రెండో వైపు పట్టుకుంది. దాని కళ్లలో నీళ్లు.

“అన్నయ్య సంగతి నాకెందుకు చెప్పలేదు వదినా?” అంది పళ్లు బిగించి. “జెండాతోనా ఆడుకునేది? సిగ్గు లేదూ నీకు?”

“నేల తగలకుండా చూడు,” అన్నాను.

తగల్లేదు. కొసలు మార్చి మళ్లీ ఎక్కించాడు హార్లన్. ఒక్కడే ఎక్కించాడు, చాలాసేపు పట్టింది. ఎవరూ సాయానికి వెళ్లలేదు. నన్నూ ఎవరూ పలకరించలేదు. నీలం బ్యాంకు వైపుకి వచ్చాక ఓలాఫ్ ట్రాక్టర్ స్టార్టు చేశాడు. మిగతా బండ్లు మైకులో మాట లేకుండానే వెళ్లిపోయాయి.

మరునాడు పాస్టర్ గారు, హార్డ్‌వేర్ కొట్టాయన మా ఇంటికొచ్చారు. జెండా ఇకమీదట వేరేవాళ్ల చేత కుట్టిస్తామన్నారు.

“న్యాయమే,” అన్నాను.

“హార్లన్‌కి ఒక మాట చెప్పి వస్తే బాగుంటుందేమో అమ్మా,” అన్నాడు పాస్టర్ గారు.

“జెండాకి చేసినదానికి ఆదివారం దేవుడి ముందు మోకాళ్ల మీద చెప్పుకుంటాను. సెల్మర్‌కి ఇప్పటికే చెప్పుకున్నాను. హార్లన్‌కి చెప్పేది ఇంకేం లేదు.”

“అతను నిద్రపోలేదట.”

“రెండేళ్లలో మొదటి రాత్రి కదండీ.”

ఇద్దరూ లేచారు. ఇంత కఠినంగా మాట్లాడానే అని వాళ్లు వెళ్లాక అనుకున్నాను. కానీ వెనక్కి పిలవలేదు.

ఆదివారం చర్చికి వెళ్లాను. వెళ్లకపోతే భయపడిందనుకుంటారు. మావిస్ వేరే బెంచీ మీద కూర్చుంది. కానుకల పళ్లెం వేరే ఎవరో పట్టుకొచ్చారు. హార్లన్ చివరి వరసలో, గోడ పక్కన ఉన్నాడు. ఆరాధన అయ్యాక నేను మెట్లు దిగుతుంటే వెనకనుంచి పిలిచాడు.

“ఆర్డిస్.”

ఆగాను. చుట్టూ ఉన్నవాళ్లు మాట్లాడుకోవడం ఆపేసి, మాట్లాడుకుంటున్నట్టు నటించారు.

అతను టోపీ రెండు చేతులతో నలుపుతున్నాడు. క్షమించమంటాడేమోనని నేను మనసు రాయి చేసుకున్నాను. అతను అది అడగలేదు.

“రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. తూర్పు పడమర వీధిలో ఉత్తరానికని చెప్పావు, సరే. ఉత్తరానికే ఎందుకు? సెల్మర్ ఏమైనా చెప్పాడా?”

నిజంగానే అడిగాడు. అడుగుతున్నప్పుడు అతని కళ్లు బడిపిల్లాడి కళ్లలా ఉన్నాయి.

“వెతుక్కోండి హార్లన్ గారూ,” అన్నాను. “ఆయన ముప్పై ఒక్క ఏళ్లు మోశాడు. మీరు కొన్నాళ్లు మొయ్యండి.”

ట్రక్కు దాకా తల తిప్పకుండా నడిచాను. తాళం తిప్పి, అద్దంలో చూస్తే అతను ఇంకా మెట్ల మీదే నిలబడి ఉన్నాడు.

ఉత్తరానికే ఎందుకో నాకూ తెలియదు. నేనూ ఎప్పుడూ అడగలేదు. ఆ సంగతి మాత్రం అతనికి చెప్పను.